నీటి పరిశోధనలో వాడ ఎక్కడ?

మన యూనివర్సిటీల్లో నీళ్ళమీద పరిశోధనకు కొదవ లేదు. జియాలజీ, కెమిస్ట్రీ, జాగ్రఫీ, సివిల్ ఇంజనీరింగ్, పర్యావరణ శాస్త్రం - ఏ శాఖ లైబ్రరీకి వెళ్ళినా ఏదో ఒక మండలం భూగర్భ జలాల నాణ్యతమీద రాసిన సిద్ధాంత గ్రంథాలు బీరువాల్లో కనబడతాయి. సామాజిక శాస్త్రాల వైపు వెళ్తే నీటి సంఘాలు, చెరువుల పునరుద్ధరణ, తాగునీటి పథకాలు, స్త్రీల భాగస్వామ్యం. నీళ్ళ కరువున్న దేశంలో నీళ్ళమీద ఇంత చదువు జరగడం మంచిదే. కానీ ఈ గ్రంథాల్ని వరసబెట్టి చదివినవాళ్ళకు ఒక ప్రశ్న రాక తప్పదు. వీటిలో జిల్లా ఉంది, మండలం ఉంది, ఊరు ఉంది, అక్షాంశ రేఖాంశాలున్నాయి. ఫ్లోరైడుంది, నైట్రేటుంది, అడుగున గ్రానైటు రాయుంది. మాలపల్లె, మాదిగగూడెం ఎక్కడ?

ఈ ప్రశ్న వేస్తే సాధారణంగా వచ్చే జవాబు ఒకటే: నీటికి కులం లేదు. వినడానికి బాగానే ఉంటుంది. ఈ దేశంలో ఆ మాటను ప్రాణాలకు తెగించి అన్నవాళ్ళు దళితులు. వీళ్ళు ముట్టుకుంటే నీళ్ళు మైలపడతాయన్న సమాజంతో కొట్లాడుతూ అన్న మాట అది. ఇప్పుడదే మాటను ప్రయోగశాలలో కూర్చున్న పెద్దమనుషులు మన ప్రశ్నకు అడ్డం పెడుతున్నారు. నీటికి కులం లేదు, ఒప్పుకుంటాం. కానీ నీళ్ళు తెచ్చుకునే దారికి కులం ఉంది. బోరు వేసే చోటుకి కులం ఉంది. చెరువు తూముకి కులం ఉంది. మురుగు కాలవలోకి దిగే మనిషికి కులం ఉంది. వీటన్నిటినీ పక్కకు నెట్టి సీసాలో పట్టిన నీళ్ళను మాత్రమే చూసే పరిశోధన ఎవరికి పనికొస్తుంది? ఈ వ్యాసంలో మేం పరిశీలించదలుచుకున్నది దీన్నే.

సిద్ధాంత గ్రంథం తయారయ్యే తీరు

నీటి నాణ్యతమీద గ్రంథం ఎలా ఉంటుందో విద్యార్థులకు కొత్తగా చెప్పక్కర్లేదు. నీరు ప్రాణాధారం అనే వాక్యంతో మొదలవుతుంది. పూర్వ పరిశోధనల జాబితా వస్తుంది. మండలంలోని శిలల స్వభావం, వానపాతం వస్తాయి. తర్వాత నలభై యాభై చోట్ల నుంచి వానలకు ముందొకసారి, వానల తర్వాత ఒకసారి నీళ్ళు పడతారు. పి.హెచ్., విద్యుద్వాహకత, కరిగిన లవణాలు, కఠినత్వం, ఫ్లోరైడ్, నైట్రేట్ కొలుస్తారు. ఆ అంకెలన్నీ 1944లో పైపర్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు రూపొందించిన పటంలోకి ఎక్కుతాయి. చివరకు అన్నిటినీ కలిపి ఒకే అంకె చేస్తారు. నీటి నాణ్యతా సూచిక అంటారు దాన్ని. 1965లో అమెరికాలో హోర్టన్ మొదలుపెట్టిన పద్ధతి అది. ఆ అంకెను బట్టి నీళ్ళు శ్రేష్ఠం, మంచివి, నాసిరకం, తాగడానికి పనికిరావు అని తరగతులు చేసి, మ్యాపుమీద పచ్చరంగు, ఎర్రరంగు పూస్తారు.

ఇందులో కష్టం లేదని మేం అనడం లేదు. ఎండలో తిరిగి సీసాలు మోసిన విద్యార్థి కష్టం మాకు తెలుసు. అసలు సమస్య సీసా పట్టకముందే మొదలవుతుంది. ఊరికి ఒక నమూనా అనుకున్నప్పుడు ఆ ఒక్కటీ ఎక్కడ పట్టాలి? జీపు ఆగేది రోడ్డుమీద. రోడ్డు వెళ్ళేది ఊళ్ళోకి. పంచాయతీ ఆఫీసు ముందు బోరింగో, బడి ముందు బోరింగో, దారిపక్కన పెద్దరైతు మోటారో దొరుకుతుంది. పట్టికలో ఆ ఊరి పేరు పక్కన ఆ బోరింగు నీళ్ళే ఊరందరి నీళ్ళయిపోతాయి. ఊరికి ఎడంగా, పల్లంలోనో, చెరువు అలుగు కిందనో, ఊరి మురుగంతా చేరే వైపునో ఉన్న వాడ నీళ్ళు ఎవరూ పట్టలేదు. అయినా మ్యాపుమీద వాడకు కూడా పచ్చరంగే పడుతుంది.

దీన్ని రాజకీయం అని కొట్టిపారేసే వాళ్ళకు వాళ్ళ శాస్త్రంలోంచే జవాబు చెబుతాం. తెలంగాణలో, రాయలసీమలో చాలాభాగం గట్టిరాతి నేల. రాతిలో పగుళ్ళెక్కడుంటే నీళ్ళక్కడుంటాయి. కొన్ని వందల గజాల దూరంలో ఉన్న రెండు బోర్లలో ఫ్లోరైడ్ పరిమాణం వేరువేరుగా ఉండొచ్చునని గట్టిరాతి భూగర్భ జలశాస్త్రమే చెబుతుంది. అలాంటప్పుడు ఊరికి ఒక సీసా అనే పద్ధతి ఆ శాస్త్రం ప్రకారమే నిలబడదు. మరెందుకు నిలబడుతోంది? ఊరంటే ఊరే, వాడ అందులో లెక్కకు రాదు అనే పాత అలవాటు శాస్త్రం తెలిసినవాళ్ళలో కూడా బలంగా ఉంది కాబట్టి.

ఊరు ఒకటేనన్న మాట ఎంత అబద్ధమో తెలియడానికి లెక్కలు లేకపోలేదు. ఘనశ్యాం షా, హర్ష్ మందర్, సుఖదేవ్ థోరట్, సతీశ్ దేశ్‌పాండే, అమితా బావిస్కర్ కలిసి 2006లో ప్రచురించిన అంటరానితనం అధ్యయనం 11 రాష్ట్రాల్లో 565 గ్రామాలు తిరిగి చేసింది. వాటిలో 48.4 శాతం గ్రామాల్లో దళితులకు నీటివనరులు అందనివ్వడం లేదని తేలింది. అంటే రమారమి సగం గ్రామాల్లో ఒక నీటివనరును చూపించి ఇది ఊరిది అనడానికి వీల్లేదు. ఈ అంకె సోషియాలజీ పుస్తకంలో ఉంటుంది. ఫ్లోరైడ్ అంకె జియాలజీ పుస్తకంలో ఉంటుంది. రెండూ ఒకే బోరింగు గురించి చెబుతున్నాయని ఏ పుస్తకమూ చెప్పదు.

వేరే దిక్కు లేనివాళ్ళ ప్రమాణం

తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ ఒక పత్రం తయారుచేసింది. ఐ.ఎస్. 10500 అని దాని నంబరు. 1983లో మొదట వచ్చి, 1991లో, 2012లో మారింది. మన గ్రంథాలన్నిటికీ ఇదే గీటురాయి. దీన్ని ఉదహరించని పరిశోధకుడు లేడు. కానీ దీన్ని జాగ్రత్తగా చదివినవాళ్ళు ఎంతమందో మాకు అనుమానమే.

ఆ పత్రంలో ఒక్కో పదార్థానికి రెండు గడులుంటాయి. ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఆమోదించదగింది. రెండో గడిలో 1.5 మిల్లీగ్రాములు. కరిగిన లవణాలు మొదటి గడిలో 500, రెండో గడిలో 2000. కఠినత్వం మొదటి గడిలో 200, రెండో గడిలో 600. రెండో గడి పైన ఏం రాసుందో చూడాలి: ప్రత్యామ్నాయ వనరు లేనప్పుడు అనుమతించదగిన పరిమితి. అంటే వేరే దిక్కు లేనివాళ్ళు ఇంతదాకా తాగొచ్చని.

వేరే దిక్కు లేనివాళ్ళెవరు ఈ దేశంలో? పొలంలో సొంతబోరున్నవాడికి దిక్కుంది. ఇరవై లీటర్ల క్యాను కొనుక్కునేవాడికి దిక్కుంది. పక్కవీధి బావికి వెళ్ళి చేదుకోగలిగినవాడికి దిక్కుంది. పక్కవీధికి బిందె పట్టుకుని వెళ్తే తిట్లు తినేవాళ్ళకే దిక్కు లేదు. కొన్నిచోట్ల రాయి నీళ్ళివ్వదు, అది ప్రకృతి. కొన్నిచోట్ల నీళ్ళున్నా మనిషి ఇవ్వడు. రెంటినీ ఒకే మాట కింద కలిపేసి, ప్రత్యామ్నాయం లేదు కాబట్టి నాలుగింతల ఉప్పు నీళ్ళు తాగొచ్చని రాసినప్పుడు కులం ప్రమాణపత్రంలోకి కూడా వచ్చి కూర్చుంది. ఎవరూ కావాలని రాసుండకపోవచ్చు. కానీ గ్రంథం రాసే పరిశోధకుడు "అనుమతించదగిన పరిమితిలోనే ఉంది" అని ముక్తాయించేముందు ఇక్కడ ప్రత్యామ్నాయం ఎందుకు లేదని ఒక్కసారి అడగాల్సిన బాధ్యత ఉంది. అడిగిన గ్రంథాలు బహు అరుదు.

రెండు లీటర్ల మనిషి

ఈమధ్య గ్రంథాల్లో ఆరోగ్య ప్రమాద అంచనా అనే కొత్త అధ్యాయం చేరింది. మనిషి ఆరోగ్యాన్ని పట్టించుకుంటున్నారని సంతోషిస్తాం. పద్ధతి ఏమంటే, నీళ్ళలో ఉన్న ఫ్లోరైడును రోజుకు తాగే లీటర్లతో హెచ్చవేసి, ఒంటి బరువుతో భాగిస్తారు. వచ్చినదాన్ని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ పెట్టిన 0.06 మిల్లీగ్రాముల ప్రమాణంతో మళ్ళీ భాగిస్తారు. ఒకటి దాటితే ప్రమాదం, దాటకపోతే భయం లేదు.

లెక్క చేసి చూద్దాం. నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. మనిషి రోజుకు 2 లీటర్లు తాగుతాడు, 60 కిలోల బరువుంటాడు. ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల్లో వాడే మనిషి కొలత. మూడు మిల్లీగ్రాముల్ని అరవైతో భాగిస్తే 0.05. దాన్ని 0.06తో భాగిస్తే సుమారు 0.83. ఒకటి దాటలేదు. భయం లేదు. మ్యాపుమీద పచ్చరంగు.

ఇప్పుడు అదే నీళ్ళు ఎండాకాలంలో ఉపాధి పనిలో మట్టి తవ్వే కూలి స్త్రీ తాగుతుందనుకుందాం. ఆమె 45 కిలోలుంటుంది. ఎండలో రోజుకు అయిదు లీటర్లు తాగడం వింతేమీ కాదు. ఏడున్నర మిల్లీగ్రాముల్ని 45తో భాగిస్తే 0.167. దాన్ని 0.06తో భాగిస్తే 2.8 దాకా వస్తుంది. ప్రమాదపు గీత దాటి దాదాపు మూడింతలు. నీళ్ళు అవే. బోరింగు అదే. ల్యాబు అదే. తాగే మనిషి మారింది, అంతే. ఇందులో ఆ నీళ్ళతో వండిన అన్నం, కాచిన టీ ఇంకా లెక్కకు రాలేదు. పాలూ గుడ్డూ లేని తిండిలో కాల్షియం తక్కువై ఫ్లోరైడ్ ఎముకకు మరింత చేటు చేస్తుందన్నదీ లెక్కకు రాలేదు.

రెండు లీటర్ల మనిషి ఎవరు? నీడపట్టున పనిచేసేవాడు. బహుశా ఆ గ్రంథం రాసినవాడు, దాన్ని దిద్దినవాడు. మన గ్రంథాల్లో మనిషి అంటే ఇతడే. నీళ్ళు ఎంత తాగాలన్నది స్థానిక వాతావరణాన్ని బట్టి చూసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. మనవాళ్ళు అంకెను తెచ్చుకున్నారు, ఆ హెచ్చరికను అక్కడే వదిలొచ్చారు.

శాస్త్రజ్ఞుల పని కొలవడమే, తిండీ కూలీ వాళ్ళెందుకు చూడాలి అంటారేమో. చూసినవాళ్ళున్నారు. మన నేలమీద ఫ్లోరోసిస్‌ను షార్ట్ బృందం 1937లోనే, అప్పటి నెల్లూరు జిల్లాలో గుర్తించింది. నల్లగొండ ప్రాంతంలో మోకాళ్ళు లోపలికి వంగిపోయిన పిల్లల గురించి హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో లాన్సెట్ పత్రికలో రాశారు. ఆ సంస్థలో తర్వాత జరిగిన పని నీళ్ళ దగ్గరే ఆగలేదు. వాళ్ళు తినే జొన్నలోని ఖనిజాలదాకా వెళ్ళింది. జబ్బుకు కారణం వెతుకుతూ పేదవాడి కంచంలోకి చూసిన శాస్త్రం అది. దానికి శాస్త్రీయత తగ్గలేదు గదా! ఇంకో అడుగు వేసి ఆ కంచం ఎవరిదో కూడా అడిగి ఉంటే బాగుండేది. యాభై ఏళ్ళ తర్వాత వస్తున్న గ్రంథాలు ఆ కంచం దగ్గరికి కూడా పోవడం లేదు.

ఏ మానవుల కార్యకలాపాలు?

నైట్రేట్ 45 మిల్లీగ్రాములు దాటిందనుకోండి. కారణం ఏం రాస్తారు? "మానవ కార్యకలాపాలు." ఎరువులు, పశువుల కొట్టాలు, మరుగుదొడ్ల గుంటలు అన్నీ ఈ రెండు మాటల్లో సర్దుకుంటాయి. ఏ మానవులు? ఎరువు బస్తాలు పొలంలో గుమ్మరించిన మానవుడూ, ఆ పొలంలో కూలికి వెళ్ళి సాయంత్రం ఆ నీళ్ళే తాగే మానవుడూ ఒకడేనా? భాషలో కర్తను దాచిపెడితే బాధ్యత కూడా దాగిపోతుంది. ఎవరి లాభం ఎవరి బావిలోకి దిగుతోందో ఆ వాక్యం చెప్పదు.

మురుగునీటి చదువు సంగతీ ఇంతే. పర్యావరణ ఇంజనీరింగులో మురుగులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ గురించి పాఠం ఉంటుంది. ఆ వాయువు ఆమ్లంగా మారి కాంక్రీటు పైపు పైభాగాన్ని ఎలా తినేస్తుందో సమీకరణాలతో సహా నేర్పుతారు. పరీక్షలో ప్రశ్న వస్తుంది. ఆ వాయువే మ్యాన్‌హోల్లోకి దిగిన మనిషిని నిమిషాల్లో చంపేస్తుంది. చనిపోయేవాళ్ళు ఏ కులాలవాళ్ళో పాఠంలో ఉండదు. 1993లో ఒక చట్టం వచ్చింది, 2013లో ఇంకో చట్టం వచ్చింది. 2014లో సుప్రీంకోర్టు మృతుల కుటుంబాలకు 10 లక్షలివ్వమంది. 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. ఈ తీర్పుల వెనకున్న పోరాటం సఫాయి కర్మచారీ ఆందోళన్‌ది. దాన్ని నడిపిన బెజవాడ విల్సన్ కోలారు బంగారు గనుల్లో పాకీపని చేసిన తెలుగు కుటుంబంలో పుట్టినవాడు. 2016లో ఆయనకు మెగసెసే అవార్డు వచ్చింది. నదుల శుద్ధిమీద, మురుగు శుద్ధి కేంద్రాలమీద వందల పత్రాలు రాసిన మన ఇంజనీరింగు శాఖలకు పైపు అరుగుదల పరిశోధనాంశమైంది. మనిషి చావు కాలేదు.

శుద్ధి వేరు, శుభ్రత వేరు

నీటి నాణ్యత అంటే ఏమిటన్న ప్రశ్నను ఈ దేశంలో అన్నిటికంటే స్పష్టంగా ముందుకు తెచ్చిన సంఘటన ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. 1923లో బొంబాయి శాసనమండలి ప్రభుత్వ నీటివనరులన్నీ అంటరానివాళ్ళకు తెరవాలని బోలే తీర్మానాన్ని ఆమోదించింది. మహాడ్ పురపాలక సంఘం 1924లో చవదార్ చెరువును తెరుస్తున్నామంది. కాగితం మీదే తెరిచింది. 1927 మార్చి 20న అంబేద్కర్ వేలమందితో వెళ్ళి ఆ చెరువు నీళ్ళు తాగాడు. తర్వాత అక్కడి సవర్ణులు ఏం చేశారు? చెరువులోంచి 108 కడవల నీళ్ళు తోడి, ఆవు పేడ, మూత్రం, పాలు, పెరుగు కలిపి చెరువులో పోసి, మంత్రాలు చదివి, శుద్ధి అయిందన్నారు.

ఈ ఘట్టాన్ని నీటి రసాయనశాస్త్రం చదివే విద్యార్థి తన పద్ధతిలో ఒక్కసారి పరీక్షించాలి. 100 మిల్లీలీటర్ల తాగునీటిలో ఇ.కోలై అసలు కనబడకూడదని మన ప్రమాణం. ఆ సూక్ష్మజీవి పేగుల్లోంచి, మలంలోంచి వచ్చేది. పేడ కలిపిన చెరువు శాస్త్రం ప్రకారం శుద్ధి. ల్యాబు ప్రకారం కలుషితం. మనిషి దోసిలి పెట్టిన చెరువు శాస్త్రం ప్రకారం మైల. ల్యాబు ప్రకారం దానికేమీ కాలేదు. రెండు నాణ్యతా ప్రమాణాలు ఎదురెదురుగా నిలబడిన చోటు అది. అంబేద్కర్ పదేళ్ళు కోర్టులో కొట్లాడాక 1937లో బొంబాయి హైకోర్టు దళితుల పక్షాన తీర్పిచ్చింది. ఆధునిక శాస్త్రం నిజంగా మూఢత్వంతో పోరాడేదయితే ఇంతకంటే మంచి మొదటి పాఠం ఏముంటుంది?

మనకు దూరం పోవాల్సిన పని కూడా లేదు. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. దానికి ముందురోజు గొడవ మొదలైంది నీళ్ళ దగ్గరే. మాదిగపల్లె తాగునీటి చెరువును పశువుల కుడితి బకెట్లతో పాడుచేయొద్దన్నందుకు. అడ్డుకున్నందుకు కొట్టబోతే మున్నంగి సువార్తమ్మ చేతిలోని బిందె ఎత్తింది. మేం ఆమెను నీటి నాణ్యత కోసం నిలబడ్డ మనిషి అంటాం. తాగే నీళ్ళు పాడుచేయొద్దు అనే మాటకు ఏ యూనివర్సిటీ నిర్వచనం ఇంతకంటే బాగా ఇచ్చింది? అప్పట్నించి తెలుగుదేశంలో దళిత ఉద్యమం కారంచేడు పేరు చెప్పని రోజు లేదు. నీటి శాస్త్రం మాత్రం ఆ పేరు వినలేదు.

ఇదంతా గతం అనుకునేవాళ్ళకు వేంగైవయల్ ఉంది. తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలోని ఆ పల్లెలో 2022 డిసెంబరులో దళితులు తాగే ఓవర్‌హెడ్ ట్యాంకులో మానవ మలం బయటపడింది. పిల్లలు జబ్బుపడ్డాక గాని తెలియలేదు. 2025 జనవరిలో సి.బి.సి.ఐ.డి. పోలీసులు అదే వాడకు చెందిన ముగ్గురు దళితులమీద అభియోగపత్రం వేశారు. వాడవాళ్ళు, దళిత సంఘాలు దాన్ని ఒప్పుకోలేదు. నేరం ఎవరిదో తేల్చడం ఈ వ్యాసం పని కాదు. మేం అడిగేది ఇంతే: తాగునీటి భద్రతమీద రాసే పరిశోధనలో వరద, కరువు, పైపు లీకేజీ అన్నీ ప్రమాదాల జాబితాలో ఉంటాయి. నీళ్ళమీద పగ తీర్చుకునే సమాజం ఆ జాబితాలో ఎందుకు లేదు?

యాజమాన్యం అంటే ఎవరి అజమాయిషీ?

ఇక నీటి యాజమాన్యం చదువు. దీని పుట్టుక చూస్తే కొన్ని సంగతులు అర్థమవుతాయి. రూర్కీలో 1847లో ఇంజనీరింగు కాలేజీ పెట్టింది గంగా కాలవకు మనుషుల్ని తయారుచేయడానికి. అదే ఏడు ధవళేశ్వరంలో కాటన్ ఆనకట్ట పని మొదలైంది. కాలవ అంటే శిస్తు. నీళ్ళెన్ని ఎకరాలు పారతాయి, ఎంత శిస్తు వస్తుంది అన్నదే ఆనాటి లెక్క. మట్టి తట్టలు మోసినవాళ్ళకు ఆ ఆయకట్టులో సెంటు భూమి వచ్చిందా అన్నది ఆ లెక్కలో లేదు. తెల్లదొరలు పోయినా లెక్క పెద్దగా మారలేదు.

1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ప్రకారం భూమి ఎవరిదో దాని కింది నీళ్ళు తోడుకునే హక్కు వాళ్ళది. భూమి లేనివాడికి భూగర్భ జలం లేదు. ఇంత సూటి విషయం జలవనరుల కోర్సులో ఒక పేరా కూడా ఉండదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లో సాగునీటి వ్యవస్థల్ని రైతులకు అప్పగించే చట్టం వచ్చింది. నీటి సంఘాలు పుట్టాయి. భాగస్వామ్య యాజమాన్యం అని ఎన్ని సెమినార్లు, ఎన్ని గ్రంథాలు! ఆ చట్టంలో ఓటున్న సభ్యత్వం ఆయకట్టులో భూమున్న రైతుకే. చెరువులో బట్టలుతికే చాకలికి, చేపలు పట్టేవాళ్ళకు, గొడ్డూగోదను తోలుకెళ్ళే మాదిగకు, ఆ పొలాల్లోనే నాట్లేసే కూలీలకు ఓటు లేదు. భూమి లేకపోవడానికి కారణం కులం. ఓటు లేకపోవడానికి కారణం భూమి. మధ్యలో ఒక మాట తీసేస్తే చాలు, చట్టంలో కులం ఎక్కడా కనబడదు. పరిశోధకులు చట్టాన్ని చదివినంత శ్రద్ధగా ఆ మధ్యమాటను వెతకలేదు.

స్త్రీల మాటకొస్తే 1992 డబ్లిన్ సూత్రాల్లోనే నీటి యాజమాన్యంలో స్త్రీలది కీలకపాత్ర అన్నారు. మంచిది. 2019లో కేంద్రం ప్రకటించిన జల్ జీవన్ మిషన్‌లో ఊరికి అయిదుగురు స్త్రీలకు నీటి పరీక్షలో శిక్షణ ఇవ్వాలన్నారు. అదీ మంచిదే. ఆ అయిదుగురూ ఏ వీధివాళ్ళు? పరీక్ష కిట్టు ఎవరింట్లో ఉంటుంది? దళిత స్త్రీ తెచ్చిన గ్లాసులో నీళ్ళు పరీక్షించడానికి వాళ్ళు వాడకొస్తారా? షెడ్యూల్డు కులాలవాళ్ళు ఎక్కువగా ఉన్న గ్రామాలకు ప్రాధాన్యం అని ఆ పథకం చెబుతుంది. కానీ మనవాళ్ళలో చాలామంది బతికేది మనం తక్కువమందిమి ఉన్న ఊళ్ళలో. అక్కడ పైపు చివరి కొసన వాడ ఉంటుంది. స్త్రీ అనే ఒక్క మాటకింద బిందె ఎత్తే స్త్రీనీ, బిందె పెట్టనివ్వని స్త్రీనీ కలిపి రాసే పరిశోధన సగం నిజమే చెబుతుంది.

సంప్రదాయ జ్ఞానం పేరుతో జరిగేది ఇంకా విచిత్రం. 1997లో సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ కేంద్రం సంప్రదాయ నీటి వ్యవస్థలమీద పెద్ద పుస్తకం తెచ్చినప్పట్నించి పాత చెరువుల పొగడ్త ఎక్కువైంది. 2015లో మిషన్ కాకతీయ వచ్చాక మనదగ్గరా గొలుసుకట్టు చెరువులమీద గ్రంథాలు పెరిగాయి. కాకతీయుల పేరు చెబుతారు, రెడ్డిరాజుల పేరు చెబుతారు. తూము తీసి మూసింది ఎవరు? ఏ మడికి ఎన్ని గడియలు నీళ్ళు పారాలో, కట్ట ఎక్కడ కారుతుందో, అలుగు ఎప్పుడు దుంకుతుందో తెలిసిన మనిషి ఎవరు? తెలంగాణలో నీరటి, రాయలసీమలో నీరుగంటి. చాలాచోట్ల ఆ పని మాలలది. అర్ధరాత్రి వానలో కట్టమీద కాపలా వాళ్ళది. పంట చివర కల్లంలో దోసెడు గింజలు వాళ్ళది. చెరువు నీళ్ళన్నిటినీ పంచిన ఆ మనిషికి ఊరబావిలో చేద వేసే హక్కు లేదు. ఈ మనిషి తెలివిని సంప్రదాయ జ్ఞానం అని పేరు మార్చి, అది ఊరుమ్మడి విజ్ఞానమన్నట్టు రాస్తున్నారు. ఊరుమ్మడి నీళ్ళలో వాటా ఇవ్వని ఊరు, మన తెలివిని మాత్రం ఉమ్మడి చేసుకుంది! ముకుల్ శర్మ 2017లో తెచ్చిన కులం, ప్రకృతి పుస్తకంలాంటివి ఈ పొగడ్తను ప్రశ్నించాయి. తెలుగు గ్రంథాల్లో ఆ ప్రశ్న ఇంకా గట్టిగా వినబడాలి.

అంబేద్కర్‌ను రెండు ముక్కలు చేశారు

2016లో కేంద్ర జలవనరుల శాఖ ఏప్రిల్ 14ను జలదినంగా ప్రకటించింది. అంబేద్కర్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కార్యవర్గంలో కార్మిక సభ్యుడుగా ఉండి దామోదర్, మహానది లోయల బహుళార్థ పథకాలకు దారివేశాడు. ఈనాటి కేంద్ర జలసంఘానికి మూలమైన సంస్థ 1945లో ఆయన హయాంలోనే ఏర్పడింది. ఇది చాలామంది ఇంజనీరింగు విద్యార్థులకు తెలియదు. తెలియజెప్పాలి. ఆనకట్టలవల్ల నిర్వాసితులైన ఆదివాసుల ప్రశ్నలను, పోలవరం దాకా, ఆ చరిత్రతో కలిపే చదవాలి.

కానీ జరుగుతున్నదేమిటి? జలశాఖలు ఆనకట్టల అంబేద్కర్‌ను తీసుకున్నాయి. మన సంఘాలు మహాడ్ అంబేద్కర్‌ను తీసుకున్నాయి. దోసిలితో చెరువు నీళ్ళు తాగిన మనిషే పద్దెనిమిదేళ్ళ తర్వాత నదుల గురించి దేశానికి విధానం రాశాడన్న సంగతి రెండువైపులా సరిగా అందలేదు. ఆయనకు నీళ్ళ ఇంజనీరింగూ నీళ్ళ హక్కూ ఒకే విషయం. మన యూనివర్సిటీ వాటిని రెండు బిల్డింగుల్లో పెట్టింది.

ఈ రెండు బిల్డింగుల మధ్య నలిగేది మన విద్యార్థి. వాడనుంచి మొదటిసారి పరిశోధనకు వచ్చి, మా వాడ నీళ్ళమీద రాస్తానంటే జియాలజీలో "అది సోషియాలజీ" అంటారు. సోషియాలజీకి వెళ్తే "అది కెమిస్ట్రీ" అంటారు. చివరకు ఎవరికీ అభ్యంతరం లేని మండలం, ఎవరికీ అభ్యంతరం లేని పైపర్ పటం మిగులుతాయి. డిగ్రీ వస్తుంది. తన తల్లి ఏ నీళ్ళు తాగుతోందో తన గ్రంథంలో ఉండదు. కేంద్ర విద్యాసంస్థల్లో అధ్యాపక పోస్టుల రిజర్వేషన్‌కు 2019లో చట్టం తెచ్చుకోవాల్సొచ్చిన దేశం ఇది. గైడు సీట్లో ఎవరున్నారన్నదానికీ ఏది పరిశోధనాంశం అవుతుందన్నదానికీ సంబంధం లేదని ఎలా అనుకోగలం?

ఏం చేయాలి?

నీటి శాస్త్రం వద్దని మేం అనడం లేదు. మనకే అది ఎక్కువ కావాలి. ఫ్లోరైడుతో వంగిన వెన్నెముకలకు నినాదం మందు కాదు. అందుకే ఈ ఏడు సినాప్సిస్ రాసుకుంటున్న విద్యార్థులకు, దిద్దుతున్న అధ్యాపకులకు కొన్ని సూచనలు చేస్తున్నాం.

ఊరికి ఒక సీసా పద్ధతి మానాలి. ఊళ్ళో ఒకటి, వాడలో ఒకటి పట్టాలి. పట్టికలో ఏది ఎక్కడిదో రాయాలి. ప్రత్యామ్నాయం లేదు అని రాసేచోట రాయి ఇవ్వలేదా, మనిషి ఇవ్వలేదా చెప్పాలి. రెండు లీటర్ల మనిషిని అరువు తెచ్చుకోకుండా, ఆ వాడలో కూలికి వెళ్ళేవాళ్ళు ఎన్ని నీళ్ళు తాగుతారో అడిగి, తూకం వేసి లెక్క కట్టాలి. పెద్ద ఖర్చు కూడా కాదు. ఒక గ్లాసు, ఒక తూకం, ఒక వారం ఓపిక. మానవ కార్యకలాపాలు అన్నచోట ఆ మానవులెవరో రాయాలి. ఫలితాల్ని ఇంగ్లీషు పత్రికకు పంపేముందు తెలుగులో ఒక కాగితంమీద రాసి, నీళ్ళు పట్టుకున్న వాడలోనే చదివి వినిపించాలి. మహాడ్, కారంచేడు నీటి కోర్సుల్లో పాఠాలు కావాలి. నీరటివాళ్ళలో బతికున్న పెద్దల మాటలు వాళ్ళ పేర్లతో, వాళ్ళ కులంతో, వాళ్ళకు దక్కిన కూలితో సహా రికార్డు చేయాలి.

కార్యకర్తలకు ఒక మాట. మన ఊళ్ళలో పరిశోధన పేరుతో ఎవరైనా సీసాతో వస్తే నీళ్ళివ్వండి. ఇచ్చేముందు ఈ లెక్క మాకెప్పుడు చెబుతారు, ఎవరితో చెబుతారు అని అడగండి. వాడ బోరింగు నీళ్ళు కూడా పట్టుకునేదాకా పోనివ్వకండి.

ఇలాంటి పని ఇప్పటికే చేస్తున్న విద్యార్థులుంటే పూర్తి గ్రంథమే అక్కర్లేదు. రెండు బోరింగులు, రెండు అంకెలు, వాటి మధ్య దూరం ఎందుకొచ్చిందో చెప్పే నాలుగు పేజీలు రాసి పంపినా ఈ పత్రికలో చోటుంటుంది.